తుఫాను రోజుల్లో కరెంటోళ్ళ మాట జనానికి వినపడాలి

మన శ్రీకాకుళం జిల్లాలో తుఫాను దాటిపోయిన మర్నాటి నుంచి ఏ ఊళ్ళో విన్నా ఒకటే ప్రశ్న: "లైను ఎందాకా వచ్చింది?" పాల పాకెట్ల కొట్టు దగ్గర అదే మాట, రామాలయం అరుగు మీద అదే మాట, మంచినీళ్ళ ప్లాంటు ముందు ఖాళీ టిన్నులు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళ మధ్యా అదే మాట. సోంపేట దాకా వచ్చేసిందట అని ఒకరంటారు. కాదు, కంచిలి దగ్గరే ఆగిపోయింది, మా బావమరిది చూసొచ్చాడు అంటారు ఇంకొకరు. సాయంత్రానికి రెండూ తప్పని తేలుతుంది. అలాగని అసలు జవాబు ఎవరికీ తెలియదనుకోకండి. సబ్‌స్టేషన్‌లో కూర్చున్న షిఫ్ట్ ఆపరేటర్‌కి తెలుసు. ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి వెళ్ళే లైను) ఛార్జ్ అయింది, అంటే దేంట్లోకి కరెంటు వదిలారు, ఏది నిలబడట్లేదు, ఏ మరమ్మతు గ్యాంగు ఏ రోడ్డు మీద ఉంది, అన్నీ ఆయన ముందున్న లాగ్ పుస్తకంలో ఉంటాయి. ఆ కబుర్లు ఫోన్లోనో వైర్‌లెస్‌లోనో గాలి మీదే ఆయనకి చేరాయి. మన ఇళ్ళ మీదుగానే పోయాయి. మనకి వినపడలేదంతే.

వినపడాలన్నది నా వాదన. కరెంటు సంస్థ సిబ్బంది రేడియోలో మాట్లాడుకునే మాటల్లో కొంత భాగాన్ని, కనీసం తుఫాను రోజుల్లో, మామూలు మనిషి తన ఇంట్లో కూర్చుని నేరుగా వినగలగాలి. చట్టం దాన్ని ఒప్పుకోవాలి. సంస్థ దానికి ఏర్పాటు చేయాలి.

నేను ఉండేది శ్రీకాకుళంలో. సొంతూరు ఉద్దానంలో, సోంపేట పక్కన. సరదాకి వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ళకిచ్చే అమెచ్యూర్ (హామ్) రేడియో లైసెన్సు ఉంది, మాకు కేటాయించిన బ్యాండ్లలోనే వింటాను, మాట్లాడతాను. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. మన దేశంలో కరెంటు వాళ్ళ ఫ్రీక్వెన్సీ, పోలీసుల ఫ్రీక్వెన్సీ ట్యూన్ చేసుకుని వినడం చట్టం ఒప్పుకునే పని కాదు. దొంగచాటుగా వినండని నేను ఎవరికీ చెప్పడం లేదు. నేనూ వినను. బాహాటంగా వినే హక్కు కావాలంటున్నాను.

ఈ ఆలోచన నాకు అమెరికాలో ఉద్యోగం చేసిన రోజుల్లో పుట్టింది. అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో మన పొలాల్లో మాదిరే వరసగా చెక్క స్తంభాలు, వాటి మీద లైన్లు. ఆ లైన్లన్నీ ఒక గ్రామీణ విద్యుత్ సహకార సంఘానివి. 1936లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన గ్రామీణ విద్యుదీకరణ చట్టంతో అక్కడి పల్లెల్లో ఇలాంటి సంఘాలు వందల కొద్దీ పుట్టాయి. అక్కడ చాలా ఇళ్ళలో వంటింటి గట్టు మీద ఒక స్కానర్ కనిపించేది. స్కానర్ అంటే చేతిలో పట్టేంత రేడియో. మాట్లాడటం దానితో కుదరదు, వినడమే. మనం పెట్టిన ఫ్రీక్వెన్సీలన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి గబగబా వెతుక్కుంటూ పోతుంది. ఎక్కడైనా మాట వినపడితే ఆగుతుంది, మాట ఆగిపోగానే మళ్ళీ వెతుకులాట మొదలుపెడుతుంది. అగ్నిమాపక దళం, వాతావరణ హెచ్చరికలు, స్కూలు బస్సులు, కరెంటు సంఘం, అన్నీ అందులోనే.

అక్కడ చలికాలంలో మంచు వాన పడుతుంది. పడిన చినుకు పడినట్టే తీగ మీద గడ్డకడుతుంది. తీగ మన బొటనవేలంత లావయి, ఆ బరువుకి స్తంభాలు వరసగా విరుగుతాయి. అలాంటి ఒక రాత్రి మా వీధంతా చీకటి. పక్కింటి పెద్దాయనకి ఆక్సిజన్ మిషను ఉంది. బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది. ఆయన్ని ఆ మంచులో పక్క ఊళ్ళో ఉన్న కూతురింటికి తీసుకెళ్ళాలా, ఇంకాసేపు ఆగాలా అన్నది ప్రశ్న. వాళ్ళావిడ స్కానర్ ముందు కూర్చుంది. గ్యాంగులకి పని చెప్పి పంపే డిస్పాచర్ గొంతు, లైన్‌మన్ల గొంతులు. కాసేపటికి ఒకతను చెప్పాడు: మన సబ్‌స్టేషన్‌కి వచ్చే పై లైనే పోయింది, అవతలి కంపెనీ వాళ్ళు తెల్లారాక గానీ పెట్రోలింగ్ మొదలుపెట్టరు. ఆ ఒక్క మాటతో తేలిపోయింది. మేం ముగ్గురం కలిసి పెద్దాయన్ని బండెక్కించాం. ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎవరి పనీ ఆపలేదు, ఎవర్నీ బతిమాలలేదు. ఆ లైన్‌మన్‌కి మేం విన్నామని కూడా తెలీదు.

వినడంలోని బలం అదే. అడిగితే ఒకరి టైము పోతుంది. వింటే ఎవరిదీ పోదు.

ఇదంతా అక్కడ చట్టబద్ధం. 1986లో వచ్చిన ఎలక్ట్రానిక్ సమాచార గోప్యత చట్టం సెల్‌ఫోన్ సంభాషణల్ని వినకూడదంది గానీ, రహస్య సంకేతాల్లో దాచకుండా అందరికీ తేలిగ్గా అందేలా నడిచే ప్రభుత్వ, అత్యవసర, సంస్థాగత రేడియో మాటల్ని వినడాన్ని నేరం కాదని మినహాయించింది. 1934 నాటి ఇంకో చట్టం విన్నదాన్ని సొంత లాభానికి వాడుకోవద్దంటుంది. విను, కానీ సొమ్ము చేసుకోకు అన్నమాట. న్యూయార్క్, ఫ్లోరిడా వంటి కొన్ని రాష్ట్రాల్లో బండిలో పోలీసు స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి. బ్రిటన్‌లో లెక్క వేరు. అక్కడ స్కానర్ కొనుక్కోవచ్చు, కానీ 2006 చట్టం ప్రకారం తనకోసం కాని సందేశాన్ని వినడం నేరం. కాబట్టి అభివృద్ధి చెందిన దేశాలన్నీ ఒక దారిలో ఉన్నాయని నేను అనను. అమెరికాలోనూ ఈ మధ్య డిజిటల్ వ్యవస్థలు, మాటని రహస్య సంకేతాల్లో దాచే ఎన్‌క్రిప్షన్ పెరిగి వినడానికి దొరికేది తగ్గిపోతోంది. నేను చూసిన ఆ పద్ధతిలో మాత్రం మనం తీసుకోవాల్సింది ఉంది.

ఇక మన ఊరి సంగతి.

నేను కాలేజీలో ఉన్న రోజుల్లో మా చిన్నాన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో, అంటే 33 వేల వోల్టుల్ని 11 వేలకి దించేచోట, షిఫ్ట్ ఆపరేటర్. సెలవులకి వెళ్తే రాత్రి కారేజీ పట్టుకెళ్ళేవాణ్ణి. ప్యానెల్ గదిలో బల్ల మీద వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్టు, పక్కన మేకుకి వేలాడే మైకు, కింద లారీ బ్యాటరీ. కరెంటు పోయినా సెట్టు పోకూడదని ఆ బ్యాటరీ. గరగరమంటూ ఏదో ఒక గొంతు వస్తూనే ఉండేది. నేను మొదటిసారి ఎల్‌సి అన్న మాట విన్నది అక్కడే. లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపేశాం, పని చేసుకోవచ్చన్న అనుమతి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సి తీసుకోవాలి. తన పేరు, ఫీడర్ పేరు, పని ఎక్కడో చెబుతాడు. చిన్నాన్న బ్రేకర్ ఆఫ్ చేసి, లైనుని విడదీసే ఐసొలేటర్ విప్పి, తీగని భూమికి కలిపి ఎర్త్ చేసి, టైముతో సహా పుస్తకంలో రాసి, అప్పుడు ఫలానా ఫీడర్‌కి ఎల్‌సి ఇచ్చానని చెప్పేవాడు. అవతలి మనిషి ఆ మాటంతా తిరిగి అప్పజెప్పాలి. పనయ్యాక మళ్ళీ: మనుషులందరూ దిగిపోయారు, ఎర్త్ రాడ్లు తీసేశాం, సామాను లైను మీద ఏమీ లేదు, ఎల్‌సి రిటర్న్ ఇస్తున్నాను. చిన్నాన్న ఒకటికి రెండుసార్లు అడిగేవాడు, "మడుసులంతా దిగిపోనారా? నువ్వు కళ్ళారా సూసేవా?" ఆ తర్వాతే ఛార్జ్ చేసేవాడు. ఒకసారి మధ్యలో నేనేదో మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపాడు. "ఒరే, ఇక్కడ మాట తప్పినుకుంటే అక్కడ పేణం పోతాది" అన్నాడు.

అయోవాలో డిస్పాచర్ మాట, లైన్‌మన్ దాన్ని స్తంభం నంబరుతో సహా తిరిగి చెప్పడం, మళ్ళీ డిస్పాచర్ సరేననడం విన్నప్పుడు నాకు చిన్నాన్నే గుర్తొచ్చాడు. భాష వేరు, పద్ధతి ఒకటే.

ఫీడర్ అంటే ఏమిటో, అది నిలబడకపోవడం అంటే ఏమిటో మన జనానికి తెలిస్తే సగం అపార్థాలు పోతాయి. గాలివాన తర్వాత 11 కేవీ ఫీడర్‌ని ఒకేసారి ఛార్జ్ చేయరు. మొదట లైను మీద అక్కడక్కడ ఉండే ఏబీ స్విచ్‌లు విప్పి ఫీడర్‌ని ముక్కలు చేస్తారు. సబ్‌స్టేషన్‌కి దగ్గరి ముక్కని ఛార్జ్ చేసి చూస్తారు. నిలబడితే రెండో ముక్క కలుపుతారు. ట్రిప్ అయిందంటే, అంటే దానంతటదే ఆగిపోతే, ఆ ముక్కలోనే ఎక్కడో కొబ్బరి మట్ట తీగ మీద ఉంది, లేదా పిన్ ఇన్సులేటర్ పగిలింది, లేదా జంపర్ (రెండు తీగల్ని కలిపే ముక్క) తెగి స్తంభం మీది అడ్డ ఇనుముకి తగులుతోంది. అప్పుడు మనిషి టార్చి పట్టుకుని ఆ ముక్కంతా నడిచి చూడాలి. అందుకే పక్క ఊళ్ళో లైటు వెలిగి, ఐదు నిమిషాలకి ఆరిపోయి, మళ్ళీ రెండు గంటల దాకా రాదు. బయటి నుంచి చూసేవాడికి అది ఆటలాడుతున్నట్టు కనిపిస్తుంది. రేడియోలో విన్నవాడికి అక్కడ పని జరుగుతోందని అర్థమవుతుంది.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అంతకుముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ చూసిన వాళ్ళమే అయినా, ఉద్దానం అంత దెబ్బ తినడం మా తరం చూడలేదు. కొబ్బరి, జీడి తోటలు పడుకుండిపోయాయి. చెట్లు ఎక్కడ పడ్డాయో స్తంభాలూ అక్కడే పడ్డాయి. సెల్ టవర్లలో బ్యాటరీ అయిపోయి, జనరేటర్‌కి డీజిల్ తెచ్చే దారి లేక ఫోన్లన్నీ మూగబోయాయి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయాలంటే ముందు ఫోన్ పలకాలి కదా. బోరు మోటార్లు ఆగిపోయాయి, ట్యాంకుల్లో నీళ్ళు లేవు. డీజిల్ జనరేటర్లు ఊరూరా తిప్పి ట్యాంకులు నింపాల్సి వచ్చింది.

ఉద్దానంలో కరెంటు లేకపోవడం అంటే ఫ్యాను లేకపోవడం ఒక్కటే కాదని ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు అక్కడ. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ చేయించుకోవాల్సిన వాళ్ళున్నారు. నాలుగు గంటల డయాలిసిస్‌కి శుద్ధి చేసిన నీరే సుమారు 120 లీటర్లు ఖర్చవుతుంది. కరెంటూ నీళ్ళూ రెండూ ఉంటేనే ఆ మిషను తిరుగుతుంది. సోంపేటలోనో పలాసలోనో ఎప్పటికి కరెంటు వస్తుందో తెలిస్తే, రోగిని అక్కడే ఉంచాలా, చెట్లు పడిన రోడ్డు మీద ఏదో ఒక బండి దొరకబుచ్చుకుని శ్రీకాకుళం తీసుకుపోవాలా అన్నది ఇంటివాళ్ళు నిర్ణయించుకోగలరు. తెలియకపోతే ఏదైనా జూదమే. అయోవాలో ఆ ఆక్సిజన్ పెద్దాయన విషయంలో మేం తీసుకున్న నిర్ణయం లాంటిదే ఇది. అక్కడ ఇంట్లో ఒక స్కానర్ ఉంది. ఇక్కడ పుకారు ఉంది.

తుఫాను తర్వాత నేను మా ఊరు వెళ్ళేసరికి ఊరి మొదట్లో ఒక గ్యాంగు స్తంభం పాతుతోంది. చుట్టూ ఊరు ఊరంతా మూగింది. వాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చిన వాళ్ళు. ఇంటికి దూరంగా, స్కూలు వరండాలో పడుకుంటూ, దొరికింది తింటూ పనిచేస్తున్నారు. మా దొడ్డమ్మ వరస ఒకావిడ అడిగింది, "ఏటి బాబూ, మా ఈదికి ఎప్పుడిస్తారు కరెంటు?" ఆ కుర్రాడు చేతులు తుడుచుకుంటూ, "మాకీ నాలుగు పోళ్ళే చెప్పారమ్మా, తర్వాతేంటో మాకూ తెలీదు" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే అతనికి తెలీదు. కానీ వెనకనుంచి ఒకడు అరిచాడు, పలుకుబడి ఉన్నోళ్ళ ఊరికి ముందేస్తన్నారు అని. గొడవ మొదలైంది. పని అరగంట ఆగింది.

నిజానికి ఏ ఊరికి ముందు, ఏ ఊరికి వెనక అన్నదానికి వరస ఉంటుంది. ముందు పై నుంచి వచ్చే పెద్ద లైన్లు, తర్వాత 33 కేవీ, తర్వాత 11 కేవీ ఫీడర్లు. వాటిలో ముందు ఆసుపత్రి, మంచినీటి పథకం ఉన్నవి. ఆపైన ట్రాన్స్‌ఫార్మర్లు, చివరికి ఇంటి సర్వీసు వైరు. మన ఊరి మీదుగా గ్యాంగు ఆగకుండా వెళ్ళిపోతుంటే, అవతల ఉన్న నీళ్ళ పథకం కోసం వెళ్తోందని మనకి తెలియదు. తెలిస్తే అడ్డం పడేవాడెవడు? కొందరు అప్పుడూ పడతారేమో గానీ ఊరంతా పడదు.

ఇంకో సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే ప్రమాణాలు పెట్టింది. ఆలస్యమైతే వినియోగదారుకి పరిహారం కూడా ఉంది. అయితే తుఫాను, వరద వంటి విపత్తుల్లో ఆ గడువులు వర్తించవు. అది న్యాయమే. వందల స్తంభాలు పడినచోట 48 గంటలంటే ఎవరి వల్ల అవుతుంది? కానీ గడువు అనే హామీని తీసేసినప్పుడు దాని బదులు జనానికి ఏదో ఒకటి ఇవ్వాలి. నా దృష్టిలో ఇవ్వగలిగింది సమాచారం ఒక్కటే. అది కూడా "పునరుద్ధరణ పనులు ముమ్మరంగా సాగుతున్నాయి" అనే ప్రకటన కాదు. ఆ వాక్యం ఏ తుఫానుకైనా సరిపోతుంది, ఏ ఊరికీ పనికిరాదు. పనిచేసేవాడి గొంతులో పని కబురు కావాలి.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం మనల్ని చాలా కాలం ఏలాయి. లైసెన్సు లేకుండా రేడియో పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరం. మన నాన్నల కాలంలో పాటలు వినే రేడియోకి కూడా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకునేవారు. 1980ల మధ్యలో గానీ అది పోలేదు. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అందులో సందేశాన్ని అక్రమంగా అడ్డగించి వింటే మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు మోసగాడికీ, ఫోన్లు ట్యాప్ చేసేవాడికీ ఆ శిక్ష సబబే. తన వీధికి కరెంటు ఎప్పుడొస్తుందో విందామనుకున్న రైతునీ అదే గాట కట్టడం సబబు కాదు.

సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో బెంగాల్ క్రికెట్ అసోసియేషన్ కేసులో ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చి చెప్పింది. ఆ కేసు టీవీ ప్రసారాల గురించి, కరెంటు వాళ్ళ వైర్‌లెస్ గురించి కాదు. ఆ సూత్రాన్ని మాత్రం పక్కన పెట్టలేం. తరంగం ప్రజలది, కరెంటు సంస్థ ప్రభుత్వానిది, బిల్లు కట్టేది మనం. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే సమాచారం బయట పెట్టాలంటోంది. ఇన్ని ఉండగా, 11 కేవీ ఫీడర్ ఎందాకా ఛార్జ్ అయిందన్నది రహస్యం ఎలా అవుతుంది? విజయనగరం జిల్లాలో చీపురుపల్లి పేరున గ్రామీణ విద్యుత్ సహకార సంఘం ఏర్పడిన సంగతి మీలో చాలామందికి తెలుసు. సహకార సంఘమంటే వాడకందారే సభ్యుడు. తన సంఘం మాట తను వినకూడదంటే ఏ సభ్యుడికైనా ఏం సమాధానం చెబుతాం?

నా స్నేహితుల్లో విద్యుత్ శాఖ వాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో ఈ మాట అంటే మొదట వచ్చే అభ్యంతరం ప్రాణాల గురించి. అది చాలా బలమైన అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసిపారేయను.

మన పల్లెల్లో ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం ఆగకుండా తామే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కే రైతులున్నారు. అలా పోయిన ప్రాణాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. అలాంటివాడు రేడియోలో ఫలానా ఫీడర్ ఆఫ్‌లో ఉందని విని ధైర్యంగా తీగ పట్టుకుంటే? అతను విన్నది పక్క ఫీడర్ గురించి కావచ్చు. విన్న మరుక్షణం ఛార్జ్ చేసి ఉండవచ్చు. ఫీడర్ నిజంగా ఆఫ్‌లో ఉన్నా, ఏదో కొట్టువాడు బయటి లైనుని విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ని ఇంటి వైరింగుకి కలిపేస్తే, ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా వెనక్కి నడిచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతుంది. అవతలి వైపు మళ్ళీ వేల వోల్టులై లేస్తుంది. చచ్చిపోయిందనుకున్న లైను మనిషిని చంపుతుంది. తుఫాను రోజుల్లో ఊరూరా జనరేటర్లు తిరిగేటప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

అందుకే ఎల్‌సి మాటలు తెరవమని నేను అడగను. అయోవాలో అవీ వినపడేవి, అక్కడ మామూలు జనం ఎవరూ స్తంభం ఎక్కరు కాబట్టి చెల్లింది. మన దగ్గర చెల్లదు. లైన్‌మన్‌కీ సబ్‌స్టేషన్‌కీ మధ్య ఎల్‌సి ఇవ్వడం, రిటర్న్ తీసుకోవడం వేరే ఛానల్‌లో, మూసి ఉండాలి. మూడో మనిషి దాన్ని వినకూడదు, అందులోకి దూరకూడదు. తెరవాల్సింది రెండోది: ఏ గ్యాంగు ఎక్కడికి బయల్దేరింది, ఏ ఫీడర్ ఎందాకా నిలబడింది, స్తంభాల లారీ ఏ ఊళ్ళో ఇరుక్కుంది, రేపు పొద్దున్న మొదటి పని ఎక్కడ. ఈ కబుర్లతో ఎవడూ తీగ ముట్టుకోడు. ప్రతి గంటకీ ఆ ఛానల్‌లోనే, ఎవరూ లైను ముట్టుకోవద్దు, ఆఫ్‌లో ఉన్నా ముట్టుకోవద్దు అని ఆపరేటర్ చెప్పాలి కూడా. ఏ కరపత్రం కంటే ఆ గొంతు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే జనం అప్పుడు చెవి ఒగ్గి వింటూ ఉంటారు.

దొంగల గురించి కూడా అంటారు. లైను చచ్చిందని తెలిస్తే అల్యూమినియం తీగ కోసుకుపోతారట, ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి చుట్టలు లాగేస్తారట. ఊరంతా చీకట్లో ఉంటే లైను చచ్చిందని తెలుసుకోవడానికి దొంగకి రేడియో దేనికి?

లైన్‌మన్ల మీద జనం విరుచుకుపడతారన్న భయం మాత్రం నిజమైనది. గ్యాంగు ఎక్కడుందో తెలిస్తే అక్కడికి పోయి బండి ఆపి, మా ఊరికి రమ్మని లాక్కుపోతారు. తిత్లీ అప్పుడు బండ్లని ఆపింది తెలియకే. రోడ్డు మీద ఏ బండి కనిపిస్తే ఆ బండిని ఆపారు. కబురు తెలిసిన ఊరు తన వంతు కోసం ఆగుతుందని నేను నమ్ముతున్నాను, కానీ ఆ నమ్మకం మీద ఒక కుర్రాడి ఒంటిని పణంగా పెట్టమనను. మనుషుల పేర్లు వద్దు, ఫోన్ నంబర్లు వద్దు, వినియోగదారుల ఇళ్ళ వివరాలు వద్దు. గ్యాంగు నంబరు, ఫీడర్ పేరు చాలు. మరీ భయమైతే అరగంట ఆలస్యంగా వినిపించండి. అరగంట పాత నిజం కూడా కొత్త పుకారు కంటే మేలు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకో అడ్డంకి ఉంది. వైర్‌లెస్ సెట్టు అంటే మన పోలీసులకి ఇంకో అర్థం ఉంది. 1960ల చివర్లో ఏజెన్సీ కొండల్లో జరిగిన గిరిజన పోరాటం దగ్గర్నుంచి, సీతంపేట, పార్వతీపురం వైపు యాంటెన్నాతో తిరిగే మనిషిని అనుమానంగానే చూస్తారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. అందుకే మామూలు మనిషి చేతికి అన్ని ఫ్రీక్వెన్సీలూ పట్టే స్కానర్ ఇవ్వమని కూడా నేను అడగడం లేదు. ఒక్క ఛానల్ మాత్రమే పట్టే, మాట్లాడటం అసలే కుదరని చిన్న రిసీవర్ చాలు. ఊరి సచివాలయంలో ఒకటి, చేపల రేవులో ఒకటి, డయాలిసిస్ కేంద్రంలో ఒకటి, కావాలనుకున్న ఇంట్లో ఒకటి. ఇందులో కష్టమైన విద్య ఏమీ లేదు. టీవీ చూడటానికి చేసిన చవక యూఎస్‌బీ డాంగిల్‌తో చాలా రకాల రేడియో సిగ్నళ్ళని పట్టవచ్చని 2012లోనే కుర్రాళ్ళు కనిపెట్టారు. ముప్పై మీటర్ల టవర్ మీద వీహెచ్ఎఫ్ యాంటెన్నా ఉంటే చదునైన ఉద్దానంలో సుమారు ఇరవై కిలోమీటర్ల దాకా మాట అందుతుంది. కొండ మీద పెడితే ఇంకా దూరం. సెట్టు లారీ బ్యాటరీ మీద నడుస్తుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఆ సెట్లు వాడే అలవాటే పోతోంది. ఇప్పుడు అన్నీ ఫోన్లు, వాట్సాప్ గ్రూపులు. మామూలు రోజుల్లో అవే సుఖం, ఫోటో కూడా పంపవచ్చు. తుఫాను రోజున టవర్ పడిపోతే జనంతో పాటు లైన్‌మన్ కూడా మూగవాడే అవుతాడు. అప్పుడు ఎల్‌సి ఇచ్చేది ఎలా? మనిషిని బండి మీద పంపి చీటీ తెప్పించుకోవాలా? రేడియో బతికి ఉండాలన్నది జనం కోసమే కాదు, ముందు స్తంభం మీదున్న మనిషి కోసం. జనం వింటున్న ఛానల్ అయితే సెట్టు చెడిపోయిన మర్నాడే తెలిసిపోతుంది. ఎవరూ వినని సెట్టు చెడిపోయిందని తుఫాను రోజునే తెలుస్తుంది.

సముద్రంలో ఇది ఎప్పటి నుంచో నడుస్తున్న పద్ధతి. 156.8 మెగాహెర్ట్జ్ మీద ఛానల్ 16 ఉంటుంది. ఓడలన్నీ దాన్ని వింటూ ఉంటాయి. ఒకరి ఆపద అందరి చెవిన పడాలన్నదే అక్కడ నియమం. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్ రేడియో ఆపరేటర్ భారతి ప్రసాద్, మిగతావన్నీ తెగిపోయిన వేళ అండమాన్ కబుర్లని తన సెట్టు మీద బయటికి చేరవేసింది. అది సాగింది అవతల వినేవాళ్ళు ఉండబట్టే.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2023 చట్టం మూడో సెక్షన్‌లోనే, ప్రజా ప్రయోజనం ఉందనుకుంటే అనుమతి అవసరం లేకుండా మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. వినడానికి మాత్రమే పనికొచ్చే, ఒకే ఛానల్ రిసీవర్‌కి ఆ మినహాయింపు ఇవ్వమని అడగాలి. రాష్ట్రం వైపు నుంచి విద్యుత్ నియంత్రణ మండలి ఏటా టారిఫ్ మీద బహిరంగ విచారణ పెడుతుంది. ఎవరైనా అభ్యంతరాలు, సూచనలు రాసి పంపవచ్చు, తమ వంతు వచ్చినప్పుడు మాట్లాడవచ్చు. అక్కడ మాట్లాడేవాళ్ళంతా యూనిట్ ధర గురించే మాట్లాడతారు, అది తప్పు కాదు. ఈసారి నా కాగితంలో మూడు అడుగుతున్నాను. తీర మండలాల సబ్‌స్టేషన్లన్నిటిలో వీహెచ్ఎఫ్ సెట్లు పనిచేసే స్థితిలో ఉంచి, తుఫానుల కాలం మొదలవకముందే పరీక్షించాలి. ఎల్‌సి ఛానల్‌ని వేరు చేసి, పనుల ఛానల్‌ని జనం వినేలా తెరవాలి. మొదటగా ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఉన్న మండలాల్లో ఒక తుఫానుల కాలమంతా దీన్ని నడిపి చూడాలి. సోంపేట, కవిటి, మందస వాళ్ళెవరైనా సంతకం పెడతామంటే కాగితం నా దగ్గర సిద్ధంగా ఉంది. విజయనగరం వైపు నుంచి భోగాపురం, పూసపాటిరేగ వాళ్ళు కలిసొస్తే వాళ్ళ మండలాల పేర్లూ చేరుస్తాను.